లేపాక్షి అంటే వేలాడే స్తంభమేనా? పెనుకొండ దాకా చూస్తేనే రాయల చరిత్ర

హిందూపురం: విజయనగర సామ్రాజ్యం పేరు వినగానే అందరికీ హంపీ గుర్తుకొస్తుంది. ఆ సామ్రాజ్య చరిత్రలో రెండు కీలక ఘట్టాలకు శ్రీ సత్యసాయి జిల్లాయే వేదికగా నిలిచిందన్న సంగతి జిల్లా వాసుల్లోనే చాలామందికి పట్టదు. ఒకటి లేపాక్షి, సామ్రాజ్యం సిరిసంపదలతో తులతూగుతున్న రోజుల్లో వెలసిన ఆలయం. రెండోది పెనుకొండ, రాజధాని నేలమట్టమయ్యాక రాజవంశం తలదాచుకున్న దుర్గం. హిందూపురం మీదుగా వెళ్తే ఈ రెండింటి నడుమ దూరం యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ మాత్రమే.

మహాశివరాత్రికీ, కార్తీక సోమవారాలకూ లేపాక్షి కిటకిటలాడుతుంది. ఆదివారాల్లో బెంగళూరు నుంచి వచ్చే కార్లతో నంది విగ్రహం వద్ద రోడ్డు నిండిపోతుంది. వచ్చినవారిలో అధికులు స్వామి దర్శనం చేసుకుని, వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి, నంది ముందు ఫొటో దిగి గంట తిరక్కుండానే వెనుదిరుగుతున్నారు. తలపైకెత్తి కప్పు వైపు చూసేవారు కొద్దిమందే. అక్కడి నుంచి పెనుకొండకు బయలుదేరేవారు మరీ అరుదు. జాతీయ రహదారిపై ప్రయాణించేవారికి 2019 డిసెంబరు నుంచి పెనుకొండ అంటే ఎర్రమంచి వద్ద వెలసిన కార్ల కర్మాగారమే. అదే ఎర్రమంచి పేరుతో ఆ పట్టణంలో రాయల కాలపు కోట ద్వారం ఒకటి ఉందని చెబితే ఆశ్చర్యపోయేవారే ఎక్కువ.

తాబేలు గుట్టపై ఆలయం

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయాన్ని కూర్మశైలం అనే చిన్న గుట్టపై నిర్మించారు. తాబేలు వీపును పోలి ఉండటంతో ఆ రాతి దిబ్బకు ఆ పేరు వచ్చింది. అచ్యుతదేవరాయలు (1529-1542) పాలనలో పెనుకొండ ప్రాంత వ్యవహారాలు చూసిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ ఈ ఆలయాన్ని కట్టించారు. వీరు నంది లక్కిశెట్టి కుమారులు. అంటే లేపాక్షిని నిర్మించిన చేతులకు ఆధారం పెనుకొండే. రెండు స్థలాలనూ కలిపి చూడాలనడానికి ఇదొక్కటి చాలు.

పేరు వెనుక రెండు కథలున్నాయి. సీతాదేవిని అపహరించుకుపోతున్న రావణుడిని అడ్డగించి రెక్కలు తెగి పడిన జటాయువును చూసి శ్రీరాముడు ‘లే పక్షీ’ అన్నాడనీ, అదే లేపాక్షి అయిందనీ భక్తుల విశ్వాసం. నందికి సమీపంలోని బండపై జటాయువు విగ్రహాన్ని నెలకొల్పింది ఈ విశ్వాసంతోనే. రెండో కథ విరూపణ్ణది. రాజు అనుమతి లేకుండా కోశాగార ధనాన్ని గుడికి ఖర్చు చేశాడన్న నేరంపై అతని కళ్లు పెరికించాలని ఆజ్ఞ అయిందట. ఆ మాట విన్న విరూపణ్ణ తానే కళ్లు పెరికి గోడకు విసిరాడట. అసంపూర్తిగా ఆగిన కల్యాణ మండపం పక్క గోడపై ఉన్న రెండు ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. కథ కంట నీరు తెప్పించేదే కానీ, ఆలయానికి గ్రామాలు దానమిచ్చిన శాసనాలు అదే అచ్యుతరాయల కాలంలో వేయించినవి. గుడి కట్టినందుకు కళ్లు తీయించిన రాజు అదే గుడికి ఊళ్లు రాసిచ్చాడంటే నమ్మడం కష్టం. కల్యాణ మండపం ఎందుకు ఆగిందో శాసనాలు చెప్పవు. ఆ ఖాళీని జనం కథతో నింపుకున్నారు.

గర్భాలయ భాగంలో వీరభద్రుడితో పాటు పాపనాశేశ్వరుడు, రఘునాథస్వామి కొలువై ఉన్నారు. శివుడు, విష్ణువు ఎదురెదురుగా ఉండటం ఇక్కడి విశేషం. శైవ, వైష్ణవ భేదాలు బలంగా ఉన్న కాలంలో ఇద్దరినీ ఒకే కప్పు కిందికి తెచ్చారు. భద్రకాళి సన్నిధి కూడా ఉంది. నిత్యపూజలు నేటికీ జరుగుతున్నాయి.

ఇక స్తంభం సంగతి. నాట్య మండపంలో దాదాపు 70 స్తంభాలుంటే, వాటిలో ఒకటి నేలకు పూర్తిగా ఆనకుండా నిలిచి ఉంది. ఒక అంచు మాత్రం నేలకు తగులుతూ కనిపిస్తుంది. బ్రిటిష్ ఇంజినీరు ఒకరు దీని గుట్టు తెలుసుకోవాలని కదిలించడంతో అలా ఒరిగిందని స్థానికులు చెబుతారు. కప్పు బరువును చుట్టూ ఉన్న దూలాలు, మిగతా స్తంభాలు పంచుకోవడం వల్లే ఇది సాధ్యమవుతోంది. ‘ఇటు నుంచి కండువా దూర్చండి స్వామీ, అటు నుంచి లాగితే ఇంట్లో మంచి జరుగుతుంది’ అని పక్కన ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. శాస్త్రంలో ఎక్కడా లేని ఈ ఆచారం ఎప్పుడు మొదలైందో గానీ, సెలవు రోజుల్లో ఆ ఒక్క స్తంభం చుట్టూ వరుస కడుతున్నారు. పక్కనే ఉన్న స్తంభాలపై నాట్యమాడుతున్న రంభ, మద్దెల వాయిస్తున్న బ్రహ్మ, వీణ మీటుతున్న తుంబురుడు, మూడు కాళ్ల భృంగి ఉన్నారు. వరుసలో నిల్చున్నవారు వారికి వీపు ఆనించి తమ వంతు కోసం ఎదురు చూస్తుంటారు. చెమటతో, నూనె చేతులతో రోజూ వేలసార్లు తాకితే ఎంత గట్టి రాయి అయినా నునుపు తేలి, చెక్కడపు గీతలు అరగక మానవు.

కప్పుపై ఒక కాలం

లేపాక్షిలో అసలు చూడవలసింది తలపైన ఉంది. విజయనగర కాలపు చిత్రలేఖనం ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు దక్షిణ దేశంలో బహు తక్కువ. సున్నపు పూతపై ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ వర్ణాలతో వేసి, నల్లటి రేఖలతో తీర్చిన బొమ్మలివి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, వటపత్రశాయి, దూడను కోల్పోయి న్యాయగంట మోగించిన ఆవుకు తీర్పు చెప్పిన మనునీతి చోళుడి కథ... ఇవన్నీ పట్టీలుగా సాగుతాయి. గర్భాలయం ముందరి కప్పుపై వీరభద్రుడి భారీ చిత్రం ఉంది. దాని పాదాల చెంత విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో మొక్కుతూ కనిపిస్తారు. గుడి కట్టించినవారి ముఖాలు ఇలా కప్పుపై మిగలడం అరుదు.

దేవతల కథలే కాదు, ఆ కాలపు మనుషులూ అక్కడ ఉన్నారు. పొడవాటి కుళ్లాయిలు ధరించిన పురుషులు, రకరకాల కొప్పులు ముడిచిన స్త్రీలు, వారు కట్టిన చీరల గళ్లు, చారలు, అంచులు తేటగా కనిపిస్తాయి. పదహారో శతాబ్దిలో రాయలసీమ పెద్దింటి ఆడవారు ఏం కట్టుకునేవారని అడిగితే పుస్తకాల కంటే ముందు ఈ కప్పు జవాబు చెబుతుంది. ఆలయం వెలుపలి లతా మండపం స్తంభాలపై ఒకదానితో ఒకటి పోలని లతలు, పక్షులు, అల్లికలు చెక్కారు. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో ఈ లతలను నేటికీ వాడుతున్నారు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాల పనితనంలోనూ ఈ చిత్రాల పోలిక కనిపిస్తుంది. రాష్ట్ర హస్తకళల సంస్థ విక్రయశాలలకు లేపాక్షి పేరు పెట్టడం ఊరికే జరగలేదు.

అయితే ఈ చిత్రాలు ఏటికేడాది వెలిసిపోతున్నాయి. కొన్ని చోట్ల పూత రాలి వట్టి రాయి తేలింది. శతాబ్దాలుగా దీపాల పొగ పట్టి మరికొన్ని నల్లబారాయి. పైకప్పు రాతి పలకల సందుల్లోంచి దిగే తేమ మరో శత్రువు. రాతి విగ్రహం విరిగితే ముక్కలైనా మిగులుతాయి. రంగు రాలితే తిరిగి రాదు. నిత్యపూజలు సాగే గుడి కాబట్టి దీపం వద్దనడానికి లేదు. కానీ ఆ దీపం మండపాల్లో ఎక్కడపడితే అక్కడ స్తంభాల మొదట్లో వెలిగించాలని ఏ ఆగమమూ చెప్పలేదు. కెమెరా ఫ్లాష్ వాడకపోవడం కూడా చూడవచ్చినవారి చేతిలోని పనే. వెలుతురు చాలదని తొందరపడనవసరం లేదు. మండపంలో ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుంటే కళ్లు అలవాటు పడి బొమ్మలు ఒక్కొక్కటే కనిపిస్తాయి.

ఆలయం వెనుక ఏడు పడగల భారీ నాగలింగం ఉంది. వంట ఆలస్యమైతే, భోజనం సిద్ధమయ్యేలోగా శిల్పులు దీన్ని చెక్కేశారని కథ. నేలపై తొలిచిన గుండ్రటి పళ్లాలను శిల్పుల కంచాలని కొందరు, రంగులు కలుపుకొన్న గిన్నెలని కొందరు అంటారు. గుడికి కొద్ది దూరంలో ఉన్న నంది ఒకే రాతిలో మలచింది. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. మెడలో గంటల పేరు, చెవులకు కుండలాలతో తల ఎత్తి ఆలయంలోని నాగలింగం వైపు చూస్తున్నట్లు కూర్చుంది. చుట్టూ ఉద్యానవనం ఉండటంతో పిల్లలతో వచ్చినవారు కాసేపు సేదదీరవచ్చు.

లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ప్రధాని నరేంద్ర మోదీ 2024 జనవరి 16న ఆలయాన్ని సందర్శించిన తర్వాత ఉత్తరాది నుంచీ యాత్రికుల రాక పెరిగింది. తాత్కాలిక జాబితా నుంచి అసలు జాబితాకు చేరాలంటే రక్షణ, నిర్వహణ ఎలా ఉన్నాయో నిపుణులు పరిశీలిస్తారు. అప్పుడు వారు చూసేది వేలాడే స్తంభాన్ని కాదు, ఈ కప్పునే.

ఏనుగులపై వచ్చిన రాజధాని

1565 జనవరిలో రక్కస తంగడి యుద్ధం జరిగింది. తళ్లికోట యుద్ధంగా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నది ఇదే. దక్కన్ సుల్తానుల కూటమి చేతిలో అళియ రామరాయలు హతుడయ్యాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు యుద్ధరంగం నుంచి విజయనగరానికి చేరి, పేరుకు మాత్రమే చక్రవర్తిగా ఉన్న సదాశివరాయలను, అంతఃపురాన్ని, దొరికినంత ధనాన్ని వెంటబెట్టుకుని దక్షిణానికి బయలుదేరాడు. 550 ఏనుగులపై కోశాగారాన్ని తరలించారని పోర్చుగీసు రాతలు చెబుతాయి. ఆ ఏనుగులు వచ్చి ఆగింది పెనుకొండలో.

పెనుకొండ అప్పటికే కొత్త ఊరు కాదు. బుక్కరాయల కాలంలో ఆయన కుమారుడు విరూపణ్ణ ఒడయరు పాలనలో కోట కట్టినట్లు 1354 నాటి శాసనం తెలుపుతోంది. ఈ విరూపణ్ణ వేరు, లేపాక్షి విరూపణ్ణ వేరు, పాఠకులు తికమకపడరాదు. సంస్కృతంలో ఈ ఊరిని ఘనగిరి అన్నారు. తిరుమలరాయలు ఇక్కడే అరవీటి వంశపు పాలనను స్థిరపరిచాడు. రామరాజభూషణుడు ‘వసుచరిత్ర’ కావ్యాన్ని అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. ఆ తర్వాత శ్రీరంగరాయలు, వెంకటపతిరాయలు ఇక్కడి నుంచే పాలించారు. 1589లో గోల్కొండ సైన్యం కోటను ముట్టడించినా చేజిక్కించుకోలేకపోయింది. అనంతరం వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చడంతో పెనుకొండ ప్రాభవం తగ్గింది. హంపీ, పెనుకొండ, చంద్రగిరి అనే మూడు మెట్ల మీదుగా సామ్రాజ్యం దిగివచ్చిందన్న మాట. మొదటి మెట్టుకూ, తిరుపతి పక్కనే ఉన్న చివరి మెట్టుకూ యాత్రికులు వెళ్తున్నారు. నడిమి మెట్టునే మరిచారు.

పెనుకొండ పట్టణంలో ముందుగా గగన్‌మహల్ చూడాలి. రెండంతస్తుల ఈ భవనంలో కమానులు ఇస్లామీ పద్ధతిలో, పైన శిఖరం ఆలయ పద్ధతిలో ఉంటాయి. హంపీలో లోటస్ మహల్ చూసినవారికి ఆ పోలిక వెంటనే తడుతుంది. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వారి వాస్తురీతులను రాజులు తమ ఇళ్లకు తెచ్చుకున్నారు. మహల్ చిన్నదే. హంపీ విస్తీర్ణాన్ని ఊహించుకుని వచ్చినవారు ఇంతేనా అని నిట్టూరుస్తారు. రాజధానిని కోల్పోయిన రాజుల ఇల్లు ఇంతే ఉంటుందనుకుంటే ఆ గోడలు వేరుగా కనిపిస్తాయి.

సమీపంలోనే రామాలయం, శివాలయం పక్కపక్కన ఉన్నాయి. రామాలయం గోడలపై రామాయణ, కృష్ణలీలా ఘట్టాలు, శివాలయం గోడలపై శైవ కథలు చెక్కారు. లేపాక్షిలో ఒకే కప్పు కింద ఉన్న శివకేశవులు ఇక్కడ ఇరుగుపొరుగులయ్యారు. పట్టణంలో షేర్‌ఖాన్ మసీదు, పార్శ్వనాథ జైన బసది కూడా ఉన్నాయి. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచిలతో పాటు పెనుకొండను జైనులు తమ విద్యాస్థానాల్లో ఒకటిగా లెక్కిస్తారు. బాబయ్య దర్గాకు ఉరుసు సమయంలో పక్క రాష్ట్రాల నుంచి జనం తరలివస్తారు. అందులో హిందువులు పెద్దసంఖ్యలో ఉంటారు. పల్లెల్లో పిల్లలకు బాబయ్య అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలకు ఈ జిల్లాలో కొదవలేదు. ఎర్రమంచి ద్వారం వద్ద నిలువెత్తు ఆంజనేయస్వామి విగ్రహం కోటకు కాపలా ఉన్నట్లు కనిపిస్తుంది.

మహామంత్రి తిమ్మరుసును బంధించిన చోటు అంటూ ఒక కట్టడాన్ని పెనుకొండలో చూపిస్తారు. యువరాజు మరణానికి కారకుడన్న అనుమానంతో శ్రీకృష్ణదేవరాయలు ఆయన కళ్లు తీయించి చెరలో ఉంచాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. లేపాక్షిలో విరూపణ్ణ కళ్లు, పెనుకొండలో తిమ్మరుసు కళ్లు. రాజును సేవించి చూపు పోగొట్టుకున్న ఇద్దరి కథలు ఒకే దారిలో వినిపించడం వింతగానే ఉంటుంది.

కొండపైకి ఎక్కితే శిథిల బురుజులు, మంటపాలు, కోనేర్లు, యోగనరసింహస్వామి ఆలయం ఉన్నాయి. ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 గుళ్లు, 365 బావులు ఉండేవని స్థానికుల మాట. అన్ని ఉన్నా లేకున్నా, అడుగడుగునా ఏదో ఒక గుడి మొండిగోడ తగులుతుందన్నది మాత్రం నిజం.

ఆ 550 ఏనుగుల కథే పెనుకొండకు శాపమైంది. అంత ధనం వచ్చింది కదా, ఎక్కడో పూడ్చే ఉంటారన్న నమ్మకంతో గుప్తనిధుల వేటగాళ్లు రాత్రివేళ పాడుబడిన గుళ్లలో తవ్వకాలు సాగిస్తున్నారు. పీఠం కింద నిధి ఉందని విగ్రహాలను పెకలిస్తారు. నంది కడుపులో వజ్రాలున్నాయని నంది తల పగలగొడతారు. రాయలసీమ జిల్లాల్లో ఇలాంటి వార్తలు రాయని విలేఖరి ఉండడు. కొంచెం లెక్క వేసుకున్నా తెలిసే విషయమిది. ఆ ధనంతోనే తిరుమలరాయలు సైన్యాన్ని మళ్లీ కూడగట్టాడు. ఆయన వారసులు దశాబ్దాల పాటు యుద్ధాలు నడిపారు. ఖర్చయిపోయిన డబ్బు కోసం నాలుగున్నర శతాబ్దాల తర్వాత గునపాలు పట్టుకుని తిరుగుతున్నారు. పూజలందుకుంటున్న గుడి జోలికి ఈ ముఠాలు అంత తేలిగ్గా రావు. రోజూ పూజారి తలుపు తీస్తాడు, ఊళ్లో వారు వస్తూపోతూ ఉంటారు. దీపం పెట్టే దిక్కులేని గుడికే ముప్పు. అందుకే పెనుకొండకు పది మంది యాత్రికులు వెళ్లడం అవసరం. జనసంచారం ఉన్నచోట దొంగ అడుగు పెట్టడానికి జంకుతాడు.

కేంద్ర రక్షిత కట్టడాలకు నష్టం కలిగించినా, పేర్లు చెక్కినా 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద శిక్ష తప్పదు. 2010 సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రక్షిత స్థలానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై రెండు వందల మీటర్ల మేర అనుమతి తప్పనిసరి.

ఇలా వెళ్లవచ్చు

రైలులో వచ్చేవారు హిందూపురంలో దిగాలి. అక్కడి నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. బెంగళూరు, హైదరాబాద్ వైపు నుంచి కార్లలో వచ్చేవారు 44వ నంబరు జాతీయ రహదారిపై కొడికొండ చెక్‌పోస్టు వద్ద పడమరకు తిరిగితే చాలు. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు. పెనుకొండ అదే రహదారి పక్కన ఉంది, రైల్వేస్టేషను కూడా ఉంది.

ఒక్కరోజే వీలున్నవారు ఉదయం లేపాక్షితో మొదలుపెట్టడం మేలు. పది దాటితే ప్రాంగణంలోని బండలు కాలుతాయి, వేసవిలో చెప్పనక్కర్లేదు. వృద్ధులు, పిల్లలు మేజోళ్లు వెంట తెచ్చుకుంటే పాదాలు బొబ్బలెక్కవు. ఆలయం చూడటానికి కనీసం రెండు గంటలు, నందికి అరగంట కేటాయించుకోవాలి. మధ్యాహ్నం హిందూపురంలో భోజనం చేసి మూడు గంటలకు పెనుకొండ చేరితే గగన్‌మహల్, జంట ఆలయాలు, బసది, దర్గా సాయంత్రంలోగా పూర్తవుతాయి. కొండ ఎక్కదలచినవారు మాత్రం మరో రోజు ఉంచుకుని తెల్లవారుజామునే బయలుదేరాలి. పైన తాగునీరు దొరకదు, వెంట తీసుకెళ్లాలి. దారి తెలిసిన స్థానికుడిని తోడు పెట్టుకోవడం మంచిది, ఒంటరిగా వెళ్లరాదు.

రెండో రోజు కూడా ఉన్నవారు పెనుకొండ నుంచి కదిరి వెళ్లి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవచ్చు. ఫాల్గుణ మాసంలో జరిగే అక్కడి రథోత్సవానికి జనం పోటెత్తుతారు కాబట్టి, ఆ రోజుల్లో వెళ్లేవారు బసను ముందే చూసుకోవాలి.